క్రాస్ కంట్రీ మేష్టారు

ఏలూరులో పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాం. ఏప్రిల్ నెల, రేకుల కప్పు వేసిన హాలు, తిరిగీ తిరగని ఫ్యాను, ముందు తెలుగు జవాబు పత్రాల కట్ట. పక్క బల్ల మీద సోషల్ దిద్దే ఆయన తన కట్టకు దారం బిగిస్తూ, మా స్కూల్లో చేసిన డ్రిల్లు మేష్టారు పోయారన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "అదేనండి, గూడెంలో ఉంటారు కదండీ, ఆ క్రాస్ కంట్రీ మేష్టారు" అన్నారు. పోయి మూడు రోజులైందట. సమాధి చెయ్యడం కూడా అయిపోయిందట.

ఆ తర్వాత నా చేతిలో ఉన్న పేపర్లో పిల్లవాడు ఏం రాశాడో నాకు తెలియదు. మార్కులు మాత్రం వేశాను. అలా వెయ్యడం నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో సగం పనులు నేను అలాగే చేశాను, మనసు ఎక్కడో పెట్టి, చెయ్యి మాత్రం కదుపుతూ. ఆయన నాకు సరిగ్గా వ్యతిరేకం. ఏ పనీ సగం మనసుతో చెయ్యడం రాదు ఆ మనిషికి. అందుకే మా స్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని చూస్తే నాకు కొంచెం నవ్వూ, చాలా విసుగూ వచ్చేవి.

ఆయన పరిగెత్తగా నేను ఒక్కసారే చూశాను. మిగతా స్టాఫు ఆ ఒక్కసారీ చూడలేదు. పొట్టి మనిషి, ముందుకు కాస్త పొట్ట, ఎడమ మోకాలు సరిగ్గా వంగేది కాదు. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుని మోపెడ్ మీద వచ్చేవారు. మెడలో విజిల్ వేలాడేది కానీ ఊదేవారు కాదు. పిల్లల మీద విజిల్ ఊదడం మర్యాద కాదని ఆయన ఉద్దేశం. ఆరో తరగతి పిల్లల్ని కూడా మీరు అనే అనేవారు. "వరస తప్పకండి నాన్నా", "కాస్త కుడిపక్కకి జరగండమ్మా". ఒకసారి గట్టు మీద అడ్డంగా నిలబడ్డ గేదెను కూడా జరగండమ్మా అన్నారని ఎనిమిదో తరగతి పిల్లలు నాకు చెప్పి పడీ పడీ నవ్వారు. గేదె జరిగిందట కూడా.

చొక్కా జేబులో కెమెరా రీలు డబ్బా ఒకటి ఉండేది. దాన్నిండా ఉప్పు. పిల్లలకు జలగ పట్టుకుంటే దాని మీద చల్లడానికి. స్టాఫ్ రూమ్‌లో మా భోజనాల్లో ఎప్పుడైనా ఉప్పు తగ్గితే ఆయన ఆ డబ్బా తీసి మర్యాదగా ముందుకు జరిపేవారు. ఎవరూ తీసుకునేవాళ్ళం కాదు.

మా హైస్కూలు గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఉంది. ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క చేపల చెరువులు. ఆటస్థలం అని పేరుకు ఒకటి ఉంది. వానాకాలమంతా దాన్నిండా నీళ్ళు, కోతలయ్యాక ఊరి వాళ్ళ ధాన్యం. ఇలాంటి చోటికి వచ్చిన డ్రిల్లు మేష్టారెవరైనా రెండు క్యారమ్ బోర్డులు కొనిపించి హాయిగా ఊరుకుంటారు. ఈయన వచ్చిన వారానికే హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళి, "గ్రౌండు లేకపోతే ఏమైందండీ, మనకి క్రాస్ కంట్రీ ఉందండి" అన్నారు, మన పేరు మీద ఎక్కడో పదెకరాల పొలం ఉందన్నంత ధీమాగా. హెడ్మాస్టరు గారికి అదేమిటో తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, దానికి బడ్జెట్ లేదన్నారు. దానికి బడ్జెట్ అక్కర్లేదండి అన్నారు ఈయన.

ఆ సంవత్సరమే నాకు ఆయనతో పని పడింది. పరుగు దారిలో ఎవరెవరి పొలాలు వస్తాయో ఆ రైతులందరికీ ఉత్తరాలు రాయాలట, అనుమతి అడుగుతూ. తెలుగు టీచర్ని కాబట్టి నేను రాయాలట. సరే, క్రాస్ కంట్రీని తెలుగులో ఏమందాం? పొలాల్లో పరుగు పందెం అని రాశాను. ఆయన చదివి కాగితం వెనక్కి ఇచ్చారు. పొలాల్లో అంటే మినుము చల్లిన చేలో పడి తొక్కుతారని రైతు భయపడతాడట. అడ్డదారి పరుగు అని రాశాను. దానికి ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"అడ్డం పడి వెళ్ళేవాడు దారి తగ్గుద్దని వెళ్తాడండి. మనం అలా కాదండి" అన్నారు. తర్వాత స్టాఫ్ రూమ్‌లో నిలబడి పావుగంట చెప్పారు. గ్రౌండులో అయితే సున్నంతో గీత మనం గీసుకుంటాం. రోడ్డయితే ప్రభుత్వం వేస్తుంది. క్రాస్ కంట్రీకి ఎవరూ ఏమీ గియ్యరు, ఏమీ వెయ్యరు. కాలి కిందికి ఏదొస్తే అదే. గట్టొస్తే గట్టు, బురదొస్తే బురద, నీళ్ళ బోదె అడ్డమొస్తే దూకాలి. ప్రతి ఏడూ దారి మారుతుంది కాబట్టి ఒక ఏటి టైమును ఇంకో ఏటి టైముతో పోల్చడానికి లేదు. నాకు అప్పటికి మూడు క్లాసులు అయ్యాయి, ఇంకో రెండు ఉన్నాయి. మీరేదంటే అదే రాస్తానన్నాను. చివరికి తెలుగు అక్షరాల్లో క్రాస్ కంట్రీ అనే రాశాను. రైతులు ఆ ఉత్తరం చదివి, చదివించుకుని, దానికి గట్ల పందెం అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. ఆయన దాన్ని మాత్రం ఏమీ అనలేదు.

సార్వా వరి కోతలై, రెండో పంట దాళ్వాకు నీళ్ళు పెట్టేలోగా కొన్ని రోజులు చేలు ఎండి ఉంటాయి. పందెం అప్పుడే. అంతకు వారం ముందు ఆయన ఇల్లిల్లూ తిరిగేవారు. ఉత్తరం ఇస్తే సరిపోదు, ఎదురుగా నిలబడి నోటితో కూడా అడగాలి. ఒకటి రెండుసార్లు నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. ఒక పెద్దాయన అరుగు మీద కాఫీ తాగుతూ, ఆ గట్టు మీద రోజూ ఊరంతా నడుస్తారు, నన్నడిగేదేముందని విసుక్కున్నాడు. "నడిచేవాళ్ళకి పనుంటుందండి. మాకు పనేం లేదండి, ఊరికే పరిగెడతాం. అందుకని అడగాలండి" అన్నారు ఈయన. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, సరే పరిగెత్తండి అన్నాడు.

ఒక చెరువు యజమాని ఒప్పుకోలేదు. పిల్లల అడుగుల చప్పుడుకు చేపలు బెదిరి మేత తినవన్నాడు. అది వంక అని నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఈయన మాత్రం నిజమే కావచ్చని, ఆ చెరువును వదిలేసి దారిని మైలున్నర చుట్టూ తిప్పారు. పిల్లలు గొణిగారు.

పందెం అయిన మర్నాడు ఇంకో పని ఉండేది. పరిగెత్తిన పిల్లలందరూ పారలు పట్టుకుని మళ్ళీ ఆ దారంతా నడవాలి. ఎక్కడెక్కడ గట్టు జారిందో, బోదె అంచు విరిగిందో, అక్కడ మట్టి వేసి కాలితో తొక్కి సరిచెయ్యాలి. మొదటొచ్చిన పిల్లకో పిల్లవాడికో మొదటి పార. వేగంగా వెళ్ళినవాళ్ళు ఎక్కువ తొక్కి ఉంటారు కదా అనేవారు. గెలిచిన పిల్లల చేత మట్టి పని చేయిస్తున్నారని తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తే, ఇదంతా కలిపే క్రాస్ కంట్రీ అండి అని చెప్పి వాళ్ళకు కుర్చీలు వేయించేవారు. ఇంత తాపత్రయం ఎందుకు ఈ మనిషికి అనుకునేదాన్ని. జీతం మా అందరిదీ ఒకటే.

ఆ అమ్మాయి సంగతి రెండు వేల మూడో నాలుగో, సరిగ్గా గుర్తు లేదు. తొమ్మిదో తరగతి. కొల్లేరు లంక ఊరి పిల్ల. తండ్రి ఎవరివో చేపల చెరువులకు కాపలా ఉండేవాడు. పొద్దున్నే దోనెలో ఇవతలికి వచ్చి, అక్కడి నుంచి గట్ల మీద గంట నడవాలి స్కూలుకు. ఆ పిల్ల నడిచేది కాదు. ప్రార్థన గంట కొడుతుండగా, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గేట్లోకి వచ్చిపడేది. లోపలికి వచ్చాక చెప్పులు తొడుక్కునేది. నా క్లాసులో ఎక్కువగా కునుకు తీసేది. నేను లేపేదాన్ని కాదు. నాకూ ఆ వేళకు నిద్రొస్తుండేది.

ఆ శీతాకాలం గట్ల పందెంలో ఆ పిల్ల మగపిల్లలందరి కంటే ముందు వచ్చింది. డ్రిల్లు సారు తన చేతిలోని గడియారం చూసుకుని, నమ్మకం కుదరక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆడుతోంది. పారల పని కూడా అయిన మర్నాడు పొద్దున దోనె ఎక్కి ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళారు. ఆ ఏడాదితో చదువు మాన్పించి మేనమామ కొడుక్కిచ్చి చేద్దామనుకుంటున్నాడట తండ్రి. సారు చెప్పింది ఇది. ఏలూరులో జిల్లా సెలక్షన్స్ ఉన్నాయి. క్రాస్ కంట్రీలో మొదటి నలుగురిలో వస్తే రాష్ట్రం పోటీలకు పంపుతారు. అక్కడికి వెళ్ళినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు అడగొచ్చు. తిండీ, బట్టా, చదువూ వాళ్ళవే. తండ్రి చాలాసేపు ఆలోచించి, సీటొస్తే పంపుతాను, రాకపోతే ఇంక ఈ మాట మీద మా ఇంటికి రాకండి అన్నాడట. ఈ సంగతి సారు నాకు చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. అప్పటికే సీటు వచ్చేసినట్టే ఉన్నారు.

ఆడపిల్లను పోటీలకు తీసుకెళ్ళాలంటే ఒక లేడీ టీచరు తోడు ఉండాలని రూలు. స్కూల్లో ఆడవాళ్ళం ఇద్దరం. రెండో ఆవిడకు ఇలాంటప్పుడు నడుం నొప్పి వచ్చేది. అందుకని నేను వెళ్ళాను. తెల్లవారుజామున అత్తిలిలో ఇంటి పని ముగించుకుని, రెండు బస్సులు మారి, ఏలూరు గ్రౌండుకు చేరేసరికే నా పని అయిపోయింది. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. పొద్దున ఏడింటికన్న పరుగు పదిన్నరకీ మొదలు కాలేదు. అప్పుడు మైకులో చెప్పారు, క్రాస్ కంట్రీ కాలవ రోడ్డు మీద, లాకుల దాకా రెండుసార్లు వెళ్ళి రావాలని.

సారు అది పొరపాటనుకున్నారు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఏవండీ, రోడ్డని చెప్పారండి, సరిదిద్దండి అన్నారు. పొరపాటు కాదు, రోడ్డేనన్నారు నిర్వాహకులు. చేలల్లో ఎవరి కాలైనా విరిగితే ఎవరు జవాబు చెబుతారన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ మాటలోనూ తప్పేం కనబడదు నాకు. అలాంటప్పుడు రోడ్డు పరుగు అని పెట్టండి, క్రాస్ కంట్రీ అని పేరు పెట్టి తారు మీద పరిగెత్తించకూడదు అన్నారు సారు. ఇష్టం లేకపోతే మానుకోండి అన్నారు వాళ్ళు.

దీనికి ముందు ఒక కథ ఉంది. ఇంకోచోట పని చేసినప్పుడు ఇలాగే జరిగితే, సారూ ఇంకో నలుగురు డ్రిల్లు మేష్టార్లూ కలిసి, మా పిల్లల్ని వెనక్కి తీసుకుంటాం అని కాగితాలు రాసిచ్చారట. దెబ్బకు పోటీ వారం వాయిదా వేసి, నిజంగా చేలల్లోనే పెట్టారట. ఆ నమ్మకంతో ఆయన టీ బడ్డీ దగ్గర మిగతా మేష్టార్లను కూడగట్టారు. అందరూ తలలూపారు. మీరు ముందు ఇవ్వండి మేష్టారూ, మీ వెనకే మేం అన్నారు. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను.

కాగితం రాసి నా దగ్గరికి తెచ్చారు. పిల్ల తరఫున వచ్చిన టీచరు సంతకం కూడా కావాలి దాని మీద. నేను షామియానా కింద కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాను. ఇలా ఇస్తే వాయిదా వేస్తారంటారా అని అడిగాను. వేస్తారండి అన్నారు. తర్వాత "మీరు వద్దంటే వద్దండి" అని, పెన్ను అడిగి తెస్తానని పక్కకు వెళ్ళారు.

ఆ పిల్ల నా కుర్చీ వెనకే ఉంది. ఛాతీ మీద నంబరు గుడ్డ పిన్నులతో గుచ్చుకుని ఉంది. వంగి నా చెవి దగ్గర, "టీచర్, నేను రోడ్డు మీదయినా పరిగెడతానండి. సారుకి చెప్పండి" అంది.

నాకు ఆ మాట స్పష్టంగా వినపడింది. ఇన్నేళ్ళలో చాలాసార్లు, సరిగ్గా వినపడలేదేమో అనుకుందామని ప్రయత్నించాను. వినపడింది. సారు చెప్పినట్టు వినమ్మా అన్నాను. ఆయన పెన్ను తెచ్చి ఇచ్చారు. సంతకం పెట్టాను. ఆ క్షణంలో నేను ఆలోచించింది క్రాస్ కంట్రీ గురించి కాదు, ఆ పిల్ల గురించీ కాదు. ఈ పరుగు ఈ రోజుకు లేకపోతే ఒంటిగంట బస్సు దొరుకుతుంది, ఇంటికెళ్ళి కాసేపు పడుకోవచ్చు అని. ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు. నాకే కష్టమూ లేదు. ఊరికే అలిసిపోయి ఉన్నాను.

ఆయన కాగితం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. నిర్వాహకులు దాన్ని చదివి, జాబితాలో పేరు మీద గీత కొట్టారు. అంతే. మైకులో పిల్లల్ని పిలిచారు. టీ బడ్డీ దగ్గర తలలూపిన మేష్టార్లందరూ తమ తమ పిల్లల భుజాల మీద చేతులు వేసి నడిపించుకుంటూ వచ్చి గీత దగ్గర నిలబెట్టారు. ఒక్కరూ సారు వంక చూడలేదు. సారుకు అర్థం కావడానికి అర నిమిషం పట్టింది. అప్పుడు పరిగెత్తారు. ఆ వంగని మోకాలితో, పొట్ట ఊగుతూ, గ్రౌండు ఇటు నుంచి అటు దాకా, చెయ్యి పైకెత్తి, ఆగండి, మా పిల్ల పరిగెడుతుందండి, పొరపాటైందండి, రోడ్డు మీదే పరిగెడుతుందండి అని అంటూ. అప్పటిదాకా పట్టిన పట్టంతా ఒక్కసారిగా వదిలేశారు. ఆయన గీత దగ్గరికి చేరేసరికి పిల్లలు గేటు దాటి రోడ్డెక్కారు.

ఎవరో నవ్వారు. నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

బస్సు దొరికింది. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని నంబరు గుడ్డకు ఉన్న పిన్నులు ఒక్కొక్కటే తీసి, స్కూలువని సారు చేతిలో పెట్టింది. ఏడవలేదు. ఆయన ఆ నాలుగు పిన్నులూ గూడెం దాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నారు.

ఆ వేసవిలో ఆ పిల్లకు పెళ్ళయిపోయింది. పదో తరగతికి రాలేదు. తర్వాతి శీతాకాలం గట్ల పందెం జరగలేదు. రైతులు ఎదురు చూసి, ఏమండీ ఈ ఏడు మీ పిల్లలు రాలేదు అని స్కూలుకొచ్చి అడిగారు కూడా. సారు దూరంగా జంగారెడ్డిగూడెం వైపు బదిలీ అడిగి తీసుకుని వెళ్ళిపోయారు. మెట్ట ప్రాంతం, అటువైపు వెళ్ళడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి వెంటనే వచ్చింది. ఆ తర్వాత, సరస్సును ఆక్రమించి తవ్వారని ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించింది. కాపలా ఉద్యోగాలు పోయాయి, లంకల్లో చాలామంది పనుల కోసం చెదిరిపోయారు. ఆ పిల్ల ఎక్కడుందో నేను ఎవర్నీ అడగలేదు.

స్టాఫ్ రూమ్‌లో మాత్రం ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. కొత్తగా వచ్చిన టీచర్లందరికీ చెప్పేదాన్ని. రోడ్డును పొలం చెయ్యమని గొడవ పడి, బంగారం లాంటి పిల్ల బతుకు పాడు చేసిన మేష్టారి కథ. ఉప్పు డబ్బా, గేదె, పారలు, అన్నీ కలిపి రసవత్తరంగా చెప్పేదాన్ని. అందరూ నవ్వి, చివర్లో అయ్యో అనేవారు. నా సంతకం ఆ కథలో ఉండేది కాదు. ఆ పిల్ల నా చెవిలో చెప్పిన మాట అసలే ఉండేది కాదు.

పేపర్లు దిద్దడం అయిపోయాక, ఆదివారం గూడెంలో వాళ్ళింట్లో ఆదరణ కూడిక ఉందని తెలిసి వెళ్ళాను. చిన్న ఇల్లు, ముందు టార్పాలిన్ పందిరి. పాస్టరు గారు వాక్యం చదివి, పాట అయ్యాక, ఆయన భార్య నన్ను గుర్తుపట్టి చేతులు పట్టుకున్నారు. రిటైరయ్యాక కూడా ఏటా కోతలైపోగానే ఒకరోజు పొద్దున్నే బయల్దేరి కొల్లేరు వైపు వెళ్ళేవారని, ఎందుకని అడిగితే చెప్పేవారు కాదని అన్నారు. మోకాలు బాగా పాడైన ఏడు కూడా వెళ్ళారట. ఎవరి దగ్గరికి వెళ్ళేవారో నాకు మొన్ననే తెలిసిందండీ అని, పందిరి చివర చూపించారు.

గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది. చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు పనికి వెళ్తుందట, వేళ్ళ చివర్లు తెల్లగా నాని ఉన్నాయి. ఒళ్ళో పిల్లవాడు నిద్రపోతున్నాడు. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కన కూర్చున్నాను. బాగున్నావా అంటే బాగున్నానండి అంది. సారు ఎందుకొచ్చేవారని అడిగాను. తెలుసు, అయినా అడిగాను.

క్షమించమని అడగడానికట. మొదటిసారి వచ్చినప్పుడు తండ్రి లోపలికి రానివ్వలేదట. గట్టు మీదే నిలబడి అడిగి వెళ్ళారట. పెళ్ళయి వేరే ఊరెళ్ళినా, చెరువులు పోయి ఇంకో ఊరు మారినా, ఎలాగో కనుక్కుని వచ్చేవారట. అత్తవారింట్లో వాళ్ళు మొదట్లో అనుమానపడి, తర్వాత అలవాటు పడ్డారట. వచ్చి, మంచినీళ్ళు తాగి, అదే మాట అడిగి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవారట.

"టీచరు గారు వద్దనే అన్నారమ్మా, నేనే పట్టుబట్టి సంతకం పెట్టించాను, ఆవిణ్ణేం అనుకోకమ్మా అనేవారండి ప్రతిసారీ" అంది. నా వంక చూడకుండా, నిద్రపోతున్న పిల్లవాడి తల సవరిస్తూ అంది. "నేనక్కడే ఉన్నాను కదండీ. అయినా ఏం అనేదాన్ని కాదండి. రోడ్డు మీదయినా పరిగెడతానని మీతో అన్నట్టు తెలిస్తే ఆయన ఇంకా బాధపడతారని."

నా కోసం ఆయన ఆరేళ్ళు అబద్ధం ఆడారు. ఆ అబద్ధం తెలిసి ఈ పిల్ల ఆరేళ్ళు ఊరుకుంది. ఆ ఆరేళ్ళూ నేను స్టాఫ్ రూమ్‌లో కథ చెబుతున్నాను. సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక సిగ్గుతో ఒళ్ళు వేడెక్కుతుందని నాకు తెలియదు. పందిట్లో టీ గ్లాసులు పంచుతున్నారు. ఆ గోలలోనే నన్ను క్షమించమ్మా అన్నాను.

ఆ పిల్ల తల వంచుకునే ఉంది. ఒళ్ళో పిల్లవాణ్ణి భుజం మీదికి మార్చుకుని, "సారు అడిగినప్పుడు కూడా నాకేం చెప్పాలో తెలిసేది కాదండి" అంది.